గోడ మీది పద్నాలుగు కాగితాలు

ఆ సాయంత్రం నాలుగూ నలభైకి ఆ గదిలో ఉన్నవి: పిల్లలు పద్నాలుగు మంది, అందులో ఆడపిల్లలు ఐదుగురు. ఈత చాపలు నాలుగు. స్టాండు లేక కిటికీకి ఆనించిన నల్లబల్ల ఒకటి. గుడ్డ కప్పిన హార్మోనియం ఒకటి. రాబోయే ముగ్గురు పెద్దల కోసం కుర్చీలు మూడు. గోడ మీద మైదా ఉడికించి అంటించిన కాగితాలు పద్నాలుగు. వాటి పక్కన నేను.

పదమూడు కాగితాలు రెండు రోజుల కిందట అంటించినవి. కింది వరసలో కుడి నుంచి రెండోది మాత్రం అరగంట కిందటిది. దాని అంచుల్లో మైదా ఇంకా తడిగానే ఉంది. ఆ తడి ఎవరి కంటనైనా పడుతుందేమోనని నేను దానికి అడ్డంగా నిలబడ్డాను. నిలబడితే ఇంకా అనుమానంగా ఉంటుందేమోనని పక్కకు జరిగాను. మళ్ళీ అడ్డంగా వచ్చి నిలబడ్డాను.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్ళు. మాది గోదావరి అవతల మంచిర్యాల. డిప్లొమా పూర్తిచేసి గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి సర్వే విభాగంలో ట్రైనీగా చేరి ఐదు నెలలైంది. ఏడాది పూర్తయ్యేదాకా నౌకరి గట్టిది కాదు. సాయంత్రాలు కార్మికుల క్వార్టర్ల మధ్యనున్న చర్చి పక్క గదిలో రెండు, మూడు తరగతుల పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. చర్చి అయ్యగారు అడిగారు, ఒప్పుకున్నాను. పిల్లల్లో సగం మంది చర్చికి వచ్చే ఇళ్ళవాళ్ళు. మిగతా సగం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి బాయి పనికి కుదిరినవాళ్ళ పిల్లలు.

వాళ్ళకు వాక్యం రాయడం వచ్చు. కానీ ఆ వాక్యం ఎముకల గూడులా ఉండేది. "ఆవు ఉన్నది. ఆవు గడ్డి తింటది." ఏ ఆవు, ఎలాంటి ఆవు అన్నది ఉండదు. విశేషణం అనే మాట చెప్తే భయపడ్డారు. అందుకని నేను వాటికి 'ఎసొంటి మాటలు' అని పేరు పెట్టాను. బొగ్గు. ఎసొంటి బొగ్గు? నల్లటి బొగ్గు. అన్ని బొగ్గులూ నల్లగానే ఉంటాయి కదా, ఇంకా ఎసొంటిది? తడి బొగ్గు. పెళ్ళల బొగ్గు. మెరిసే బొగ్గు. పొయ్యిలో చిటపటలాడే బొగ్గు. అక్కడ పుట్టిన పిల్లలకు బొగ్గు గురించి నేను చెప్పేది ఏమీ లేదు.

దీని తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. అదే నేను చేసిన తప్పు.

నా చేతిరాత బాగుంటుందని ఆ నెల నన్ను రోజుకు రెండు గంటలు ఆఫీసులో కూర్చోబెట్టి పాత హాజరు రిజిస్టర్లు కొత్త పుస్తకాల్లోకి ఎత్తి రాయించేవాళ్ళు. ఒక్కో కార్మికుడికి ఒక్కో వరస. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఆ తర్వాత గుర్తింపు చిహ్నాలు రెండు, అన్నీ ఇంగ్లీషులో. "కుడి మణికట్టు మీద కోత మచ్చ." "మెడ వెనక పుట్టుమచ్చ." మనిషిని ఎప్పుడూ చూడనివాడు కూడా వెయ్యి మందిలో నుంచి అతన్ని బయటికి లాగగలడు, రెండు ముక్కల్లో. నాకు అది చాలా నచ్చింది. పిల్లలకు నేర్పాల్సింది ఇదే అనుకున్నాను.

మొదట గిలాసలతో మొదలుపెట్టాను. నీళ్ళు తాగడానికి ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక సత్తు గిలాస తెచ్చుకునేవాళ్ళు. అన్నీ ఒకే అంగడిలో కొన్నవి, ఒకే తీరుగా ఉండేవి. అన్నీ కిటికీలో వరసగా పెట్టి, ఎవరి గిలాస వాళ్ళు మాటలతో చెప్పాలి, ఇంకొకరు దాన్ని తీయాలి అన్నాను.

"నాది పాత గిలాస సార్" అన్నాడొక పిల్లాడు.

"అన్నీ పాతయే. ఎసొంటి పాత?"

"మస్తు పాత సార్."

అందరూ నవ్వారు. అప్పుడు మూడో తరగతి ఆడపిల్ల ఒకతె లేచింది. ఎనిమిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న బాయిలో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే ఫిల్లరు. ఆ పిల్ల అంది: "నాది అంచు కింద చిన్న సొట్టది సార్. సొట్ట పక్కన సన్నటి గీత ఉన్నది, వంకర గీత. అడుగు మసిబట్టిన అడుగు." తీయడానికి వచ్చిన పిల్లవాడు తడుముకోకుండా ఆ గిలాస తీశాడు. ఆ రోజు నేను ఇంటికి సంతోషంగా వెళ్ళాను.

మూడో వారం ఒక రాతపని ఇచ్చాను: మీ ఇంటివాళ్ళలో ఒక్క తీరుగా ఉండే ఇద్దరి గురించి రాయండి. ఇద్దరూ నా ముందుకొస్తే ఎవరు ఎవరో నేను చెప్పగలగాలి. ఆ పిల్ల రాసింది అందరికన్నా బాగుంది. పదికి పది వేసి గోడకు అంటించాను. ఆ వారమే వెల్ఫేర్ ఆఫీసరు మా గది చూడటానికి వస్తారని కబురొచ్చింది. బెంచీలు, పలకలు అడుగుదామని అయ్యగారు ఆయన్ను పిలిచారు. గోడ నిండుగా ఉందని మురిసిపోయాను.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున పదకొండున్నరకు రిజిస్టరు రాస్తుంటే ఆ పిల్ల తండ్రి పేరు వచ్చింది. ఊరు అదే, తాత పేరు అదే. గుర్తింపు చిహ్నాలు: ఎడమ చెంప మీద నల్లటి పుట్టుమచ్చ. కుడి మోకాలి కింద కాలిన మచ్చ.

కలం ఆగింది. ఈ మాటలు నేను తెలుగులో చదివి రెండు రోజులే అయింది. గోడ మీది కాగితంలో. ఇలా:

"మా బాపువి, మా పెద్దబాపువి ఒక్క తీరు మొఖాలు. మా బాపు పొడుగు మనిషి. మా బాపువి నున్నటి చెంపలు. ఒక్క మచ్చ లేదు. మా పెద్దబాపు పొట్టి మనిషి. ఆయన ఎడమ చెంప మీద నల్లటి గుండ్రటి పుట్టుమచ్చ ఉన్నది. ఆయన మోకాలి కింద కాలిన ముడతల మచ్చ ఉన్నది. మా పెద్దబాపు ఊర్లె ఎవుసం చేస్తడు."

ఆ రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేయడం బాయి మీద అందరికీ తెలిసిన రహస్యం. ఒకడు భర్తీ అవుతాడు, నాలుగు రోజులు దిగి భయపడి ఊరికి పారిపోతాడు. అతని నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ తీసుకుని తమ్ముడో బావమరిదో దిగుతాడు. ఆ పేరే వాడి పేరవుతుంది. ఎవరూ అడగకపోతే ఏళ్ళు గడిచిపోతాయి. అడిగితే ఒక్క రోజులో నౌకరి పోతుంది. ఆ నెల అడగడం మొదలైంది. ఆకాశరామన్న ఉత్తరాలు మూడు వచ్చాయని ఆఫీసులో అనుకున్నారు. అందులో ఒకటి మా చర్చి వెనక క్వార్టర్ల లైను గురించే. అన్న పేరు మీద తమ్ముడు దిగుతున్నాడని ఉందట, ఎవరో మాత్రం రాయలేదట. సాయంత్రం వెల్ఫేర్ ఆఫీసరు వెంట ఆఫీసు గుమాస్తా కూడా వస్తున్నాడని అప్పుడే పక్క బల్ల ఆయన చెప్పాడు. "పిల్లలను చూసెటందుకు గుమాస్తా ఎందుకు?" అని నేను అడిగితే, "పిల్లలు అబద్ధాలు చెప్పరు గద" అని నవ్వాడు.

భయంలో కూడా నేను వరసగానే ఆలోచిస్తాను. ఒకటి, ఆ కాగితం తీసేస్తే పదమూడే ఉంటాయి, పద్నాలుగు మంది పిల్లలున్నారు. రెండు, ఉంచితే ఒక ఇల్లు పోతుంది. మూడు, తెలిసి దాచానని బయటపడితే ట్రైనీగా ఉన్న నా నౌకరి పోతుంది. మూడోది రెండోదాని కన్నా ముందు గుర్తొచ్చిందన్నది ఇప్పుడు దాచడంలో అర్థం లేదు.

రిజిస్టరులో ఆ వరసను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాశాను. పాత పుస్తకం, కొత్త పుస్తకం పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఏర్పాట్లు ఉన్నాయని చెప్పి మధ్యాహ్నమే ఆఫీసు నుంచి బయటపడ్డాను. మూడింటికి మొదటి షిఫ్టు విడిచారు. ఆ పిల్ల తండ్రి దారిలో కలిశాడు. ముఖమంతా బొగ్గు, చేతిలో ఖాళీ టీ క్యాను. పక్కకు పిలిచాను.

"అన్నా, నీ ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్నదా?"

అతను ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు నన్ను చూశాడు. "ఎవలు పంపిండ్రు సారూ మిమ్ములను?"

"ఎవరు పంపలే. నీ బిడ్డ రాసింది."

ఆమె రాసినది నోటితో చెప్పాను. కదలకుండా విన్నాడు. "మంచిగనే రాసింది" అన్నాడు. "మా అన్న అచ్చం గట్లనే ఉంటడు."

ఆ తర్వాత తనే చెప్పాడు. అన్న భర్తీ అయిన మూడో రోజు బాయిలో చీకటి చూసి జ్వరం తెచ్చుకున్నాడు. మళ్ళీ దిగనన్నాడు. బిళ్ళ ఊరికే పోతుందని తమ్ముడు దిగాడు. పదకొండేళ్ళయింది. ఊళ్ళో ఉన్నది ఎకరన్నర, అది అన్న సంసారానికే చాలదు. ఇక్కడ ఇతను, భార్య, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి.

"మచ్చ గావాలంటే పొడిపిచ్చుకుంట సారూ. సంతల పచ్చబొట్లు పొడిసే ఆమె ఉంటది" అన్నాడు, నవ్వుతూ.

"మోకాలి కింద కాలిన మచ్చ కూడా ఉండాలె అన్నా."

"గది గూడ కాల్చుకుంట." ఈసారి నవ్వలేదు.

"పిల్లకు ఎరుకనా?"

"లేదు. చిన్నపోరి, ఎరుకైతే నోట్ల ఆగుతదా? బాపు పేరేందంటే కంపెనీ పుస్తకంల ఉన్న పేరే చెప్పుడు నేర్పినం. ఊర్లె అందరు వేరే పేరుతోటి పిలుస్తరు. అది ముద్దుపేరనుకుంటది. దానికి చెప్పకుండ్రి సారూ. బుగులువడుతది."

చెప్పనని మాట ఇచ్చాను. ఇచ్చాక, చెప్పకుండా ఎలా మార్పించాలో తెలియలేదు.

నాలుగింటికి ముందే ఆ పిల్ల వచ్చింది. జడకు ఎర్ర రిబ్బను. పెద్దవాళ్ళు వస్తారని వాళ్ళమ్మ నూనె పెట్టి దువ్వి పంపింది. గదిలో మేమిద్దరమే. గోడ మీది కాగితం అప్పటికే ఊడదీసి చాప మీద పెట్టాను. చూసింది.

"ఊడిపోయిందా సార్?"

"మళ్ళీ రాద్దాం."

"తప్పు రాసిన్నా?"

"తప్పు లేదు. ఎక్కువైంది."

"పదికి పది ఇచ్చిండ్రు గద."

తెల్ల కాగితం ముందు పెట్టాను. "గోడ మీద పెట్టేది చిన్నగ ఉండాలె. పెద్దబాపు గురించి వద్దు, బాపు ఒక్కడే చాలు. నున్నటి చెంపలు తీసెయ్. మచ్చ లేదన్నది తీసెయ్."

"పొడుగు మనిషి?"

పెద్దబాపు పొట్టి అని రాసిన పిల్ల. ఎత్తు కూడా రిజిస్టరులో ఉంటుందా? ఆ వరస నేనే రాశాను, అయినా ఆ క్షణాన గుర్తుకు రాలేదు. "అది కూడా తీసెయ్" అన్నాను.

పెన్సిలు పట్టుకుని కూర్చుంది, రాయలేదు. "గుర్తువట్టేటట్టు రాయాలని మీరే అన్నరు సార్. ఎసొంటి బాపో చెప్పకపోతె ఎవల బాపైనా గావొచ్చు గద."

"అవును" అన్నాను. "అట్లనే రాయి."

నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో నాకు తెలియదు, నేను నవ్వడానికి ప్రయత్నిస్తున్నాను. తర్వాత తల వంచి రాసింది. "మా బాపు మంచి బాపు. మా బాపు డ్యూటీకి పోతడు. మా బాపు ఇంటికి వస్తడు." తెచ్చి ఇచ్చింది. మైదా రాసి అంటించాను. పాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అది జేబులో ఉన్నంతసేపూ, నడిస్తే చప్పుడవుతోందనిపించింది.

మిగతా పిల్లలు వచ్చారు. 'మస్తు పాత' గిలాస పిల్లవాడు గోడ చూశాడు. "సార్, దీనిది గింతనే అయింది. ఉతికిన అంగి తీరు గుంజుకపోయింది" అన్నాడు. ఆ పిల్ల వాణ్ణి ఏమీ అనలేదు. మామూలుగా అయితే గిచ్చేది.

ఐదింటికి వచ్చారు. అయ్యగారు, వెల్ఫేర్ ఆఫీసరు, గుమాస్తా. గుమాస్తా సన్నటి మనిషి, జేబులో చిన్న నోటుబుక్కు. చేతిలో ఉన్న పెన్సిళ్ళ పెట్టె పిల్లలకు పంచడానికట. వెల్ఫేర్ ఆఫీసరు గోడ ముందు నిలబడి ఒక్కొక్కటే చదివాడు. మంచి మనిషి. బాగున్నచోటల్లా తల ఊపాడు. కింది వరసకు వచ్చాడు. కుడి నుంచి రెండోది చదివాడు.

"ఈ పాప కొంచెం వెనకబడ్డట్టుంది."

"అవునండి" అన్నాను.

ఆ మాట ఆమె విన్నది. నేను అటు చూడలేదు.

గుమాస్తా చాపల దగ్గర వంగి పెన్సిళ్ళు ఇస్తున్నాడు. ఒక్కొక్కరినీ తండ్రి పేరు, క్వార్టరు నెంబరు అడుగుతున్నాడు. పలకరింపు లాగే ఉంది. కానీ అడిగిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఆ ఆగడం నాకు తెలుసు. అది పుస్తకంలో వరస వెతికే ఆగడం. ఆమె దగ్గరకు వచ్చాడు. తండ్రి పేరు చెప్పింది, కంపెనీ పేరే, తడబడకుండా. ఊరు చెప్పింది.

"నీకు పెద్దబాపులు, చిన్నబాపులు ఉన్నరా బిడ్డా?"

"పెద్దబాపు ఉన్నడు."

"ఎసొంటోడు మీ పెద్దబాపు?"

నా ప్రశ్న. మూడు వారాలు నేను ఆ గదిలో అడిగిన ప్రశ్న. దానికి ఎలా జవాబు చెప్పాలో నేర్పింది నేనే. బాగా చెప్పేది ఆమే. నాకు కిటికీ బయట ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలి, ఆఫీసరుకు బెంచీల సంగతి చెప్పాలి అనుకుంటూనే అక్కడే నిలబడ్డాను.

ఆమె నన్ను చూడలేదు. గోడ మీది తన కాగితం చూసింది.

"మంచోడు సార్."

"మంచోడే. మొఖం ఎట్లుంటది?"

"మొఖం తీరు ఉంటది సార్."

పిల్లలంతా నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు, పెన్సిలు మాత్రం ఇవ్వలేదు. "మీ బాపు చెంప మీద మచ్చ ఉన్నదా?"

"బాపు మొఖం మీద బొగ్గు ఉంటది సార్."

"కడుక్కున్నంక?"

"అప్పుడు నేను ఈడ చదువుకుంట గద సార్."

మళ్ళీ నవ్వులు. "చాలా హుషారైన పిల్లవే" అని వెల్ఫేర్ ఆఫీసరు కుర్చీలోంచి అన్నాడు. "పద పద, ఇంకా రెండు చోట్లకు పోవాలె." గుమాస్తా పెన్సిలు ఇచ్చాడు. నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో నాకు ఎప్పటికీ తెలియలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె గిలాస తీసుకుని, నీళ్ళు తాగకుండానే ఇంటికి వెళ్ళింది. వాళ్ళ నాన్న అనుకున్నట్టు ఆమెకు ఏమీ తెలియదో, అన్నీ ముందే తెలుసో, లేక నా ముఖం చూసి అప్పటికప్పుడు గ్రహించిందో నేను అడగలేదు. అడగడానికి కూడా భయమే.

ఆ రాత్రి నేనుండే గదిలో పాత కాగితం కాల్చేశాను. తర్వాత రెండు నెలలు పొద్దున్నే ఆఫీసు నోటీసు బోర్డు చూసి గానీ సంతకం పెట్టలేదు. ఇద్దరిని నిలిపేశారు, ఇద్దరూ వేరే బాయి వాళ్ళు. ఆమె తండ్రి దిగుతూనే ఉన్నాడు. దారిలో ఎదురైతే నమస్కారం పెట్టేవాడు. అతని నమస్కారం చూస్తే ఎవరైనా మమ్మల్ని కలిపి చూస్తారేమోనని నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి. కంపెనీ పుస్తకంలో ఒక్క అక్షరం మార్చడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల కాగితంలో మార్చడానికి చాలింది.

గదికి బెంచీలు వచ్చాయి. పాఠాలు సాగాయి. ఆ పిల్ల రోజూ వచ్చేది, ముందు వరసలోనే కూర్చునేది. కానీ అడిగినదానికి చిన్నగా చెప్పి ఊరుకునేది. గిలాసల ఆటలో తన వంతు వస్తే "నాది గిలాస సార్" అనేది. పిల్లలు వెక్కిరించి వెక్కిరించి మానేశారు.

ఒకసారి విడిగా పిలిచి, "ఇప్పుడు రాయొచ్చు, ఎంత పెద్దగనైనా రాయొచ్చు" అన్నాను.

"వద్దు సార్. గింతనే రాస్త."

"ఎందుకు?"

"ఊకెనే సార్."

ఏడు నెలలకు నన్ను బెల్లంపల్లి వైపు మార్చారు. వెళ్ళే ముందు వారం అందరికీ 'మా ఇల్లు' అని రాయమని ఇచ్చాను. తడి గోడలు, వంకర తలుపులు, ముసలి మేక, ఉడుకుడుకు జొన్నగట్క అని రాశారు. గిలాస పిల్లవాడు ఒక్కడే ముప్పై రెండు ఎసొంటి మాటలు పెట్టాడు. దిద్దేటప్పుడు అలవాటుగా ఎసొంటి మాటల కింద ఎర్ర గీత గీసి, పక్కన అంకె వేసుకుంటూ వచ్చాను. ఆమె కాగితం చివరికి వచ్చింది. "మా ఇల్లు ఉన్నది. ఇంట్ల బాపు ఉన్నడు. అవ్వ ఉన్నది. తమ్ముడు ఉన్నడు. చెల్లె ఉన్నది..." చివరి వాక్యం దాకా అదే తీరు. అక్షరాలు గుండ్రంగా, ఒక్క దిద్దుబాటు లేకుండా ఉన్నాయి. ఎర్ర పెన్సిలు పట్టుకుని కింది దాకా చదివాను. మళ్ళీ పైనుంచి చదివాను.

వాక్యాలు పన్నెండు. ఎసొంటి మాటలు సున్నా.